అయ్యంకి వెంకటరమణయ్య

అయ్యంకి వెంకటరమణయ్య (1890 జూలై 24 - 1979 మార్చి 7) ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి ఆద్యుడుగా పేరు పొందిన కార్యకర్త మరియు పత్రికా సంపాదకుడు. తూర్పు గోదావరి జిల్లాలోని కొంకుదురు ఇతని స్వగ్రామం. బందరులో పత్రికారంగంలో ప్రవేశించి, తరువాత బెజవాడ (విజయవాడ) కేంద్రంగా జీవితమంతా గ్రంథాలయాల కొరకు పనిచేశాడు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1919లో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ ఇతని పూనికతోనే జరిగాయి. గ్రంథాలయ పితామహుడు అన్న బిరుదనామంతో ప్రసిద్ధుడు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

దేశంలో ఏటా నవంబరు 14 నుండి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఇతడు ఏర్పాటు చేసిన ఒక సభ. విద్యాలయాలలోను, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలోను పుస్తక ప్రదర్శనలు, వ్యాసరచన పోటీలు పెట్టి ఈ వారోత్సవాలు జరుపుకొనే వారిలో ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

జననం, నేపథ్యం

వెంకటరమణయ్య 1890 జూలై 24న కొంకుదురులో వెంకటరత్నం, మంగమాంబ దంపతులకు జన్మించాడు. కొంకుదురు బిక్కవోలు మండలానికి చెందిన గ్రామం. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-52 మధ్య కట్టిన ఆనకట్ట వలన సాగులోకి వచ్చిన తూర్పు డెల్టా ప్రాంతమిది. కాలువల వెంట వరిసాగుతో పాటు పడవల రాకపోకలు, వాటితో పాటు వ్యాపారం, బడులు, అచ్చుయంత్రాలు వచ్చాయి. వెంకటరమణయ్య పుట్టేనాటికి రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ప్రారంభించిన వివేకవర్ధని పత్రిక తన పని చేసింది. చదువుకున్న యువకులు సమాజాలుగా ఏర్పడి చర్చలు జరపడం, పత్రికలు తెప్పించుకోవడం పరిపాటి అయింది.

అంతకు పూర్వం మన ప్రాంతంలో పుస్తకాలు లేవని చెప్పడానికి వీలులేదు. పండితుల ఇళ్ళలో అటకల మీద తాళపత్ర గ్రంథాలు, సంస్థానాలలో గ్రంథ భాండాగారాలు ఉండేవి. అవి ఆయా కుటుంబాల ఆస్తి. అడిగినవారందరికీ ఇచ్చేవి కావు. ఊరందరికీ చెందిన గ్రంథాలయం అన్నది పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో మొదలైన భావన. విశాఖపట్టణంలో 1886లో ఒకటి వెలిసింది. గోదావరి డెల్టాలో భీమవరం సమీపంలోని కుముదవల్లి అనే చిన్న పల్లెలో 1897లో భూపతిరాజు తిరుపతిరాజు చొరవతో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం ఏర్పడింది. రాజమహేంద్రవరంలో 1898లో నాళం కృష్ణారావు ఇంకా బాలుడుగా ఉండగానే ఆరంభించిన పుస్తక భాండాగారం క్రమేణా పెరిగి, తరువాతి కాలంలో గౌతమీ గ్రంథాలయమైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపితమైనాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎక్కడికక్కడ పుట్టినవి. ఒక ఊరి గ్రంథాలయానికి మరొక ఊరి గ్రంథాలయం సంగతి తెలియదు. వీటన్నిటినీ ఒక సంస్థగా కూర్చాలన్న ఆలోచనే వెంకటరమణయ్య జీవిత కార్యక్రమం.

వందేమాతరం రోజులు

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించాడు. కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరులలో ఉపన్యాసాలిచ్చాడు. రాజమహేంద్రవరంలో ఆయన ఆంగ్లోపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించి సభికులకు వినిపించాడు. ఆ ఉత్సాహంలో అక్కడి కళాశాల విద్యార్థులు వందేమాతరం పతకాలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ దీనిని సహించలేదు. విద్యార్థులపై చర్యలు తీసుకున్నారు. వారికి నాయకుడుగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుండి బహిష్కరించి, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడని నిర్ణయించారు. మరుసటి సంవత్సరం హరిసర్వోత్తమరావు బెజవాడ నుండి స్వరాజ్య పత్రికను నడుపుతూ రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్ళాడు.

వెంకటరమణయ్యకు అప్పటికి పదహారేళ్ళు. ఆ తరం యువకులందరి మాదిరే ఇతడు కూడా జాతీయోద్యమ ప్రభావంలో పడ్డాడు. గ్రంథాలయోద్యమ చరిత్ర చదివేవారు ఈ ఘట్టాన్ని వదలిపెట్టకూడదు. ఉపన్యాసాన్ని అనువదించిన చిలకమర్తి ఏడేళ్ళ తరువాత తొలి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుడైనాడు. కళాశాల నుండి వెళ్ళగొట్టబడిన హరిసర్వోత్తమరావు తరువాత దీర్ఘకాలం ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షత వహించి, వయోజన విద్యకు తన జీవితాన్ని అర్పించాడు. సర్కారు కళాశాలలో చోటు దొరకని చదువును ఊళ్ళలో అందించాలన్న పట్టుదల ఆనాటి సంఘటనల నుండి వచ్చినదే అనుకోవడానికి తగిన ఆధారం ఉంది. బందరులో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను తెరవడం కూడా ఈ ఆలోచనకు చెందినదే.

ఆంధ్రభారతి

వెంకటరమణయ్య 1910లో బందరు నుండి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రికను వెలువరించాడు. తెలుగులో బొమ్మలతో కూడిన తొలి మాసపత్రికలలో దీనికి ప్రముఖ స్థానం ఉంది. ఇరవై ఏళ్ళ యువకుడు అచ్చు ఖర్చులు, చిత్రాల దిమ్మెలు, చందాదారుల బాకీలు అన్నీ తలకెత్తుకొని పత్రిక నడపడం సామాన్య విషయం కాదు. పత్రికలు పట్టణాలు దాటి పల్లెలకు చేరకపోవడం ఆనాటి సంపాదకులందరికీ ఉన్న కష్టం. చదవగలిగినవారే తక్కువ. 1911 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురు కూడా లేరు. పత్రిక కొనగలిగినవారు అంతకంటె తక్కువ. ఒక ప్రతిని పదిమంది చదివే చోటు, చదువురాని పదిమందికి ఒకరు చదివి వినిపించే చోటు ఉంటే తప్ప పత్రికల వలన గాని పుస్తకాల వలన గాని ఊరికి ప్రయోజనం లేదు.

రామమోహన గ్రంథాలయం, 1914 మహాసభ

బెజవాడలో 1911లో రాజా రామమోహన రాయ్ పేరిట రామమోహన ధర్మ పుస్తక భాండాగారం ఏర్పడింది. దీనితో వెంకటరమణయ్యకు సన్నిహిత సంబంధం ఉండేది. కృష్ణా కాలువలు, రైలుమార్గాలు కలిసే బెజవాడకు సర్కారు జిల్లాల నుండి రావడం తేలిక.

1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యాన ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ బెజవాడలో జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించాడు. ఆయన రాజమహేంద్రవరంలో అస్పృశ్యులుగా పరిగణింపబడిన వారి పిల్లల కొరకు 1909లో రామమోహన పాఠశాలను స్థాపించినవాడు. చిన్ననాటి నుండి రేచీకటితో బాధపడి, క్రమంగా చూపు కోల్పోయి, పుస్తకాలను ఇతరులచేత చదివించుకొని విన్నవాడు. గ్రంథాలయాల సభకు అంతకంటె తగిన అధ్యక్షుడు దొరకడం కష్టం.

ఆ మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని నిర్మాణంలోను, తరువాతి నిర్వహణలోను ప్రధాన పాత్ర వెంకటరమణయ్యది. సూరి వెంకట నరసింహశాస్త్రి ఇతనికి తోడు నిలిచాడు. భారతదేశంలో ఒక భాషా ప్రాంతమంతటికీ ఏర్పడిన తొలి గ్రంథాలయ సంఘంగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ఆనాటికి ఆంధ్ర అనే పేరుతో రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోను, తెలంగాణ నిజాం రాజ్యంలోను ఉండేవి. మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగి అప్పటికి ఒక్క ఏడాదే అయింది. సంఘం పేరులో ఆంధ్రదేశ అన్న మాట పెట్టుకోవడం వెనుక ఆనాటి ఆంధ్రోద్యమ స్ఫూర్తి స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికి వెంకటరమణయ్య వయస్సు ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

సంఘం ఏర్పడిన తరువాత కొద్దికాలానికే గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక ఇతని సంపాదకత్వంలో వెలువడింది. ఏ ఊళ్ళో ఏ గ్రంథాలయం ఉంది, ఎలా నడుస్తోంది, పుస్తకాలను ఎలా వర్గీకరించాలి, ఇతర దేశాలలో గ్రంథాలయాలు ఏమి చేస్తున్నాయి అన్న విషయాలు తెలుగులో చదువుకొనే వీలు దీని వలన కలిగింది. గ్రంథాలయాల గురించి మాత్రమే ఒక భారతీయ భాషలో పత్రిక నడపడం ఆ రోజుల్లో అరుదు. మధ్యలో ఆగిపోయినా తరువాతి తరం కార్యకర్తలు దీనిని పునరుద్ధరించారు.

గ్రామ గ్రంథాలయాల పనితీరు

ఆనాటి గ్రామ గ్రంథాలయం ఈనాటి వారు ఊహించుకొనే విధంగా ఉండేది కాదు. చాలా ఊళ్ళలో దానికి సొంత భవనం లేదు. ఎవరి అరుగు మీదనో, రామమందిరంలోనో, బడి గదిలోనో ఒక చెక్క బీరువా, ఒక చాప, ఒక లాంతరు. సాయంత్రం పొలం పనులు ముగిసిన తరువాత ఊరివారు చేరితే చదువు వచ్చిన యువకుడు కృష్ణాపత్రికో, ఆంధ్రపత్రికో పైకి చదివి వినిపించేవాడు. రాత్రి బడి, భజన, హరికథ, పురాణ కాలక్షేపం కూడా అక్కడే. పుస్తకాలు ఇంటికి ఇచ్చేది ఆ ఊరి కుర్రవాళ్ళే. జీతం లేదు. పుస్తకాలు దానంగా వచ్చినవి, చందాలతో కొన్నవి. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించడంతో ఈ బీరువాలలో పెట్టడానికి కథలు, పురాణాలు కాక మరికొన్ని పుస్తకాలు దొరికాయి.

గోదావరి, కృష్ణా డెల్టాలలో ఇవి వేగంగా వ్యాపించడానికి కారణాలు లేకపోలేదు. పంట చేతికి వచ్చే రైతు కుటుంబాలు, కాలువ గట్ల వెంట దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళు, పడవ ప్రయాణం, పట్టణాలలో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చే విద్యార్థులు. ఈ చివరిది ముఖ్యమైనది. రాజమహేంద్రవరం, కాకినాడ కళాశాలలలో పుస్తకాల రుచి తెలిసినవారు ఊరికి వచ్చి అదే సదుపాయం కావాలని కోరుకున్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. ఊరి నడుమ, అగ్రవర్ణాల వీధిలో ఉన్న గ్రంథాలయానికి పల్లెలవారు రావడం ఆ రోజుల్లో సులభం కాదు. స్త్రీల సంగతి కూడా అంతే. స్థాపించిన యువకుడు ఉద్యోగానికి వెళ్ళిపోతే బీరువాకు తాళం పడడం, వర్షాకాలంలో చెదలు పట్టడం తరచుగా జరిగేవి. వెంకటరమణయ్య నమ్ముకున్న స్వచ్ఛంద పద్ధతికి ఉన్న బలహీనత ఇదే. దీనికి విరుగుడుగా ఊరూరా తిరిగి గ్రంథాలయాలను పరామర్శించే గ్రంథాలయ యాత్రలు ఏర్పాటైనాయి. కార్యకర్తలు జట్టుగా బయలుదేరి, దారిలో ఉన్న గ్రంథాలయాలను చూసి, మూతపడినవాటిని తెరిపించి, లేని ఊళ్ళో సభ పెట్టి కొత్తది ప్రారంభించేవారు. 1920లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు సంఘం శిక్షణ తరగతులు నిర్వహించింది.

ఉద్యమం చూపిన మార్గంలో ఇతరులు కూడా సాహసాలు చేశారు. వేటపాలెంలో 1918లో ప్రారంభమైన సారస్వత నికేతనం భవనానికి 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేశాడు. పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. రేవులలో పడవ ఆగినప్పుడు గట్టు మీది ఊళ్ళవారు పుస్తకాలు తీసుకొని, తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేవారు. డెల్టా ప్రాంతానికి ఇంతకంటె సహజమైన సంచార గ్రంథాలయం మరొకటి ఉండదేమో.

అఖిల భారత స్థాయి

ఇదే కాలంలో బరోడా సంస్థానంలో మహారాజా సయాజీరావు గైక్వాడ్ ప్రజా గ్రంథాలయాల వ్యవస్థను నెలకొల్పాడు. 1910లో అమెరికా నుండి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుని రప్పించి, రాజధానిలో కేంద్ర గ్రంథాలయం, పట్టణాలలో, గ్రామాలలో శాఖలు, పెట్టెలలో పుస్తకాలు పంపే సంచార గ్రంథాలయాలు ఏర్పాటు చేశాడు. లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం 1915లో డికిన్సన్ అనే మరొక అమెరికను నిపుణుని పిలిపించి గ్రంథాలయ శిక్షణ ప్రారంభించింది. ఒక చోట రాజు, మరొక చోట విశ్వవిద్యాలయం పూనుకున్నాయి. ఆంధ్రదేశంలో ఉద్యమానికి రాజు లేడు, ధనం లేదు. విశ్వవిద్యాలయం కూడా ఇంకా లేదు.

1918 జనవరిలో భారత ప్రభుత్వం లాహోరులో గ్రంథాలయాధికారుల సమావేశాన్ని జరిపింది. పెద్ద గ్రంథాలయాల అధికారులు అందులో పాల్గొన్నారు. ఆ మరుసటి సంవత్సరం, 1919 నవంబరు 14న, వెంకటరమణయ్య కృషితో మద్రాసులో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా గ్రంథాలయాల అధికారి జె.ఎస్. కుడాల్కర్ అధ్యక్షుడు. ప్రభుత్వ ఆహ్వానం లేకుండా, ప్రజలు నడుపుకొనే గ్రంథాలయాల తరఫున దేశవ్యాప్తంగా జరిగిన మొదటి సభ ఇది. అఖిల భారత ప్రజా గ్రంథాలయ సంఘం దీని ఫలితం. ఇరవై తొమ్మిదేళ్ళ తెలుగు యువకుడు ఇందుకు పూనుకోవడం విశేషం.

తరువాతి మహాసభలు కాంగ్రెసు సమావేశాలతో పాటు జరగసాగాయి. దేశం నలుమూలల నుండి వచ్చిన ప్రతినిధులు ఒకేచోట దొరకడం ఇందులో ఉన్న సౌకర్యం. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు జరిగినప్పుడు గ్రంథాలయ మహాసభ కూడా అక్కడే జరిగింది. దానికి ఎం.ఆర్. జయకర్ అధ్యక్షుడు. కొంకుదురులో పుట్టిన వ్యక్తి నడిపే అఖిల భారత సభ తన సొంత జిల్లాకే రావడం ఆ ప్రాంతపు యువకులను ఎంతగానో ఉత్సాహపరచింది. 1924లో బెల్గాంలో గాంధీ అధ్యక్షతన కాంగ్రెసు జరిగినప్పుడు గ్రంథాలయ సభకు చిత్తరంజన్ దాస్ అధ్యక్షత వహించాడు. ఈ కాలంలో వెంకటరమణయ్య ఇండియన్ లైబ్రరీ జర్నల్ అనే ఆంగ్ల పత్రికను కూడా నడిపాడు.

కాంగ్రెసుతో ఉన్న ఈ సాన్నిహిత్యం వలన లాభంతో పాటు నష్టం కూడా కలిగింది. గ్రామ గ్రంథాలయాలు జాతీయోద్యమ కేంద్రాలన్న అనుమానం ప్రభుత్వానికి ఉండేది. ఆ అనుమానం పూర్తిగా అబద్ధం కాదు. పత్రిక చదివి వినిపించే చోటే ఖద్దరు ప్రచారం, కల్లు మానిపించే ప్రచారం జరిగేవి. అందువలన సర్కారు సహాయం అంతగా లభించలేదు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, వృత్తి నిపుణులు

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం గణితాధ్యాపకుడైన ఎస్.ఆర్. రంగనాథన్‌ను తన గ్రంథాలయాధికారిగా నియమించింది. లండనులో శిక్షణ పొంది 1925లో తిరిగి వచ్చిన రంగనాథన్, పాఠకులు స్వయంగా అలమరల వద్దకు వెళ్ళి పుస్తకాలు తీసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. విద్యార్థులకు, అధ్యాపకులకు కావలసిన సమాచారం వెదకి ఇచ్చే సేవను గ్రంథాలయ ధర్మంగా చేశాడు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం, 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలు, 1933లో ద్విబిందు వర్గీకరణ వచ్చాయి. దేశంలో గ్రంథాలయం ఒక శాస్త్రంగా, ఒక వృత్తిగా స్థిరపడడం ఆయన వలన జరిగింది.

1933 సెప్టెంబరులో కలకత్తాలో గ్రంథాలయాధికారుల మహాసభ జరిగి భారత గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు అన్నామలై విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎం.ఓ. థామస్. ఈ సంఘంలో విశ్వవిద్యాలయాల, ప్రభుత్వ గ్రంథాలయాల వృత్తి నిపుణులకు ప్రాధాన్యం. వెంకటరమణయ్య పద్నాలుగేళ్ళుగా నడుపుతున్న ప్రజా గ్రంథాలయ సంఘం దీని తరువాత వెనుకబడింది. పట్టా ఉన్న అధికారులకు, పట్టా లేని గ్రామ కార్యకర్తలకు మధ్య అంతరం ఇక్కడ మొదలైంది. గ్రంథాలయ శాస్త్ర పాఠ్యగ్రంథాలలో వెంకటరమణయ్య పేరు ఒకటి రెండు వాక్యాలలో ముగియడానికి ఇది కూడా ఒక కారణం. అయితే ఈ ఇద్దరి కృషిని పోటీగా చూడనక్కరలేదు. పుస్తకాన్ని ఎలా అమర్చాలో, పాఠకుని చేతికి ఎలా అందించాలో రంగనాథన్ చెప్పాడు. పాఠకుణ్ణి తయారుచేసే పని వెంకటరమణయ్య తలకెత్తుకున్నాడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడుగా బెజవాడలోనే ఆరంభమైంది. 1930లో వాల్తేరుకు తరలింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుంటూరుకు వెళ్ళి మరల వాల్తేరుకు వచ్చింది. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ 1935లో ప్రారంభించి, దేశంలో ఈ పని చేసిన మొదటి కొద్ది విశ్వవిద్యాలయాలలో ఒకటైంది. దీని గ్రంథాలయానికి తరువాతి కాలంలో ఉపాధ్యక్షుడు వాసిరెడ్డి శ్రీకృష్ణ పేరు పెట్టారు. పల్లెలోని బీరువా ముందు చదవడం నేర్చి వాల్తేరు చేరిన విద్యార్థులకు ఈ రెండు రకాల గ్రంథాలయాల మధ్య ఉన్న సంబంధం ఎవరూ చెప్పనక్కరలేదు.

గ్రంథాలయ చట్టం

స్వచ్ఛంద కార్యకర్తల ఓపికపై ఎల్లకాలం గ్రంథాలయాలు నడవవని ఉద్యమ నాయకులకు తెలుసు. స్థిరమైన ఆదాయం కావాలంటే చట్టం కావాలి. రంగనాథన్ ప్రేరణతో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం 1948లో వచ్చింది. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ సొమ్ముతో జిల్లా అంతటా గ్రంథాలయాలు నడపాలన్నది దీని సారాంశం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఇదే చట్టం కొనసాగింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో మరొక చట్టం చేశారు. రెండు ప్రాంతాలు కలిసిన తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినాయి. గ్రంథాలయ పన్ను ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలుగా స్థిరపడింది.

చట్టం వలన జీతం తీసుకొనే గ్రంథపాలకుడు, నిర్ణీత వేళలు, ఏటా కొత్త పుస్తకాలు వచ్చాయి. ఎవరైనా రావచ్చునన్న హక్కు కూడా వచ్చింది. పల్లె నుండి వచ్చే పాఠకుని విషయంలో ఇది చిన్న మార్పు కాదు. మరొక వంక ఊరివారు తమదిగా చూసుకొన్న గ్రంథాలయం శాఖా గ్రంథాలయమై, దాని మంచిచెడ్డలు జిల్లా కేంద్రంలో నిర్ణయింపబడసాగాయి. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్ను గ్రంథాలయాలకు సకాలంలో జమకాకపోవడం దశాబ్దాలుగా వినవస్తున్న ఫిర్యాదు. డెల్టాలో కొన్ని పాత గ్రంథాలయాలు ప్రైవేటుగానే మిగిలి, దాతల సహాయంతో నడిచాయి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి ప్రాంతీయ గ్రంథాలయమైంది. అక్కడి పాత పత్రికలు, తాళపత్రాలు, అరుదైన ముద్రిత గ్రంథాలు తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసేవారికి ఎంతో ఉపయోగపడ్డాయి.

ఇతర వ్యాపకాలు

వెంకటరమణయ్యకు ప్రకృతి చికిత్సపై గాఢమైన నమ్మకం ఉండేది. దానిని గురించి కూడా ప్రచారం చేశాడు. గాంధేయ యుగపు కార్యకర్తలలో ఈ అభిరుచి సాధారణం.

చివరి రోజులు, స్మృతి

1972లో ఇతనికి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి వయస్సు 82 ఏళ్ళు నడుస్తోంది. రంగనాథన్‌కు ఇదే పురస్కారం 1957లోనే లభించింది. ఆ రంగనాథన్ మరణించినది కూడా 1972లోనే. వెంకటరమణయ్య 1979 మార్చి 7న తన 89వ ఏట మరణించాడు.

గ్రంథాలయ రంగంలో కృషి చేసినవారికి అయ్యంకి - వెలగా పేరిట పురస్కారం ఏర్పాటైంది. ఇందులోని రెండవ పేరు గ్రంథాలయ శాస్త్రవేత్త వెలగా వెంకటప్పయ్యది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం తరువాత ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘంగా కొనసాగింది. విజయవాడలో దాని భవనానికి గాడిచర్ల పేరిట సర్వోత్తమ భవనం అని నామకరణం చేశారు.

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు 1968 నుండి జరుగుతున్నాయి. ఆరంభ దినమైన నవంబరు 14 జవహర్‌లాల్ నెహ్రూ జన్మదినం, బాలల దినోత్సవం కూడా కావడంతో ఆ కారణంగానే ఈ తేదీని ఎంచుకున్నారని పలువురు భావిస్తుంటారు. తేదీకి ఆధారం 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన మహాసభ.